71 ఏళ్ల నాన్నగారు గోదారి గట్టున వాటర్‌కలర్ వేస్తారు, సెటప్ ఎలా మార్చాలి?

గట్టుగాలి:
రాజమండ్రిలో పొద్దున్నే కొవ్వూరు వైపు తిరిగి కూర్చుని పాత హేవలాక్ బ్రిడ్జి వేస్తారు. మానమంటే మానరు, మాన్పించాలనీ లేదు. ఆకాశం వాష్ (నీళ్లగా కలిపి వేసే రంగు పూత) సగంలోనే ఆరిపోయి చారలు పడుతున్నాయి. అక్కడ బాగున్న బొమ్మ ఇంటికొచ్చాక మసిబారినట్టుంటోంది. గంటకే నడుం, మెడ పట్టేస్తున్నాయి. కాగితం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు), క్వార్టర్ షీట్ (పూర్తి షీట్‌లో నాలుగో వంతు).

తడిబ్రష్:
ముందు కాగితం మార్చండి. 300 జీఎస్ఎం, నూరు శాతం కాటన్. రెండు వైపులా తడిపి, కాసేపు పీల్చుకోనిచ్చి, అక్రిలిక్ షీట్ మీద పరవండి. ప్లైవుడ్ అయితే అడుగునుంచి నీళ్లు లాగేస్తుంది. ఆకాశం రంగు అవసరానికి రెట్టింపు ముందే కలిపి పెట్టుకోవాలి. మధ్యలో కలపడానికి ఆగితే చార ఖాయం. పైన తడి మెరుపు పోయాక మళ్లీ బ్రష్ పెట్టొద్దు, కాలీఫ్లవర్‌లా అంచులు విచ్చుకున్న మరకలు లేస్తాయి. కప్పు నీళ్లలో నాలుగైదు చుక్కల గ్లిజరిన్ వేస్తే నెమ్మదిగా ఆరుతుంది. ఎక్కువైతే మాత్రం మన ఉక్కపోతలో కాగితం జిగట వదలదు.

నీడపట్టు:
మసిబారడం రంగుల తప్పు కాదండీ, దిక్కుది. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది. పొద్దున నది వైపు కూర్చుంటే ఎండ వీపు వెనకనుంచి వచ్చి తిన్నగా కాగితం మీదే పడుతుంది. ఆ వెలుగులో వేసిన రంగు పలచగా అనిపించి ఇంకా దట్టించేస్తాం. చెట్టునీడ చూసుకోండి, లేదా వెనక గొడుగు పాతండి. గొడుగు తెల్లదో నల్లదో ఉండాలి. ఎర్రదైతే కాగితమంతా గులాబీ. ఈజిల్‌కి (బోర్డు నిలబెట్టే స్టాండుకి) మాత్రం కట్టొద్దు, ఒక్క గాలి విసురుకి అన్నీ నదిలోకే. సాయంత్రమైతే కాగితం తన నీడలోనే ఉంటుంది, బ్రిడ్జి స్తంభాలు నల్లగా తేలి డ్రాయింగ్ పని సగం తగ్గుతుంది. కళ్లలో ఎండకి అంచున్న టోపీ చాలు. రంగు కళ్లజోడు వద్దు.

శుక్లాలు కూడా చూపించండి. కంటి లెన్సు పసుపెక్కితే నీలాలు సరిగా తెలియవు. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో శుక్లాల ఆపరేషన్‌కి ముందు రంగు ట్యూబుల మీద పేర్లు చూసి, పాలెట్ మీద రంగుల అలవాటైన వరస మీద ఆధారపడేవారు.

గట్టుగాలి:
శుక్లాలు లేవన్నారు. బైఫోకల్ వాడతారు.

మూడుకాళ్లపీట:
మెడనొప్పి అక్కడిదే. బైఫోకల్ కింది అద్దం సుమారు 40 సెంటీమీటర్ల చదువుకి, బోర్డు ఉండేది 60 దగ్గర. గడ్డం పైకెత్తి చూస్తుంటారు, గమనించండి. ఆ దూరానికి విడిగా జోడు రాయించండి. మడత స్టూల్ తీసేసి, వెన్ను ఆనే 18 అంగుళాల ఎత్తు కుర్చీ ఇవ్వండి. మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు. బోర్డు మోచేతి ఎత్తులో, 20 డిగ్రీల వాలు. వాష్ ఆరేలోపు లేచి నాలుగడుగులు వేయమనండి. బీపీకి నీరు పోయే మాత్రలు వాడుతుంటే, ఎండలో ఎంత నీళ్లు తాగాలో డాక్టర్నే అడగండి.