గంటసేపు ఫర్‌మార్క్ దాటితే గ్రాఫిక్స్ కార్డు నిలకడగా ఉన్నట్టేనా?

మూడు లాంతర్లు (విజయనగరం)
సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో కోర్‌కు (అసలు చిప్‌కు) 120, మెమరీకి 1,000 మెగాహెర్ట్జ్ కలిపి కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచాను (ఓవర్‌క్లాక్). కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ గంటసేపు తిప్పినా ఏ తేడా రాలేదు, వేడి 74 డిగ్రీలు దాటలేదు. ఆట తెరిస్తే మాత్రం అయిదు నిమిషాల్లోపే, అదీ ఎక్కువగా ఒక మ్యాప్ నుంచి ఇంకో మ్యాప్‌కు మారేటప్పుడు, తెర నల్లబడి డెస్క్‌టాప్‌కు వచ్చి పడుతోంది. ఇంతకీ ఈ ఓవర్‌క్లాక్ నిలిచినట్టా, లేనట్టా? మిత్రుల్లో సగం మంది ఆటదే తప్పంటున్నారు.

పాత సీపీయూ (బొబ్బిలి)
ఆటదే తప్పు. ఎన్నో ఏళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నాను, ఫర్‌మార్క్‌ను మించిన భారం వేసే ఆటను చూడలేదు. బస్తా మోసినవాడు చేతిసంచి మోయలేడా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
మాస్టారూ, బస్తా నెత్తిన ఉంటే ఎవరైనా మెల్లగా నడుస్తారు. చేతిసంచితో పరుగెత్తుతారు. కాలు జారేది పరుగులోనే.

3080కి కరెంటు పరిమితి 320 వాట్లు. ఫర్‌మార్క్ మొదలవగానే కార్డు ఆ గీతను తాకుతుంది. దాటకుండా ఉండటానికి వేగాన్నీ వోల్టేజినీ తనే తగ్గించుకుంటుంది. నా దగ్గరున్నదీ 3080యే. ఫర్‌మార్క్ తిరిగేటప్పుడు 1,500 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది, ఆటలో 1,950 దాటుతుంది. అంటే 120 కలిపి మీరు అందుకోవాలనుకున్న పై వేగానికి ఆ గంటలో ఒక్క నిమిషం కూడా పరీక్ష జరగలేదు. తయారీదారులకు కూడా ఈ ప్రోగ్రాం అంటే పాత బెదురే. 2010లో వచ్చిన జీటీఎక్స్ 580 కార్డులోనే ఫర్‌మార్క్‌నూ, ఓసీసీటీ అనే అలాంటి ఇంకో పరీక్షనూ గుర్తుపట్టి కరెంటు తగ్గించే ఏర్పాటును ఈ కార్డుల చిప్‌లు చేసే ఎన్‌విడియా పెట్టింది.

మ్యాప్ మారేటప్పుడు పడిపోవడం కూడా ఇందులోనిదే. లోడింగ్ తెర మీద పని తక్కువ కాబట్టి కార్డు చల్లబడి వేగం పై మెట్టుకు ఎగబాకుతుంది. మళ్లీ వేడెక్కే కొద్దీ 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతుంది. అందుకే మొదటి అయిదు నిమిషాలే గండం. విండోస్ మామూలుగా కార్డు జవాబు కోసం రెండు సెకన్లు చూస్తుంది, రాకపోతే డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. మీ నల్లతెర అదే అయి ఉంటుంది.

అరసవల్లి ఎండ
చల్లగా ఉంటే గండం అన్న మాట మా వీధిలో చెబితే నవ్వుతారు. డిసెంబరు రాత్రి ఖాయం చేసుకున్న అంకెలు నా దగ్గర మే నెల మధ్యాహ్నం నిలవలేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే కార్డూ దాదాపు అంతే వేడెక్కుతుంది. మూడు లాంతర్లు గారూ, కోర్ 74 అని సంబరపడకండి. 3080లో మెమరీ వేడికి వేరే అంకె ఉంది, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రాంలో కనిపిస్తుంది. అది 110కి చేరితే కార్డు తనంతట తాను వెనక్కి తగ్గుతుంది.

పాత సీపీయూ
అయితే ఫర్‌మార్క్‌ను చెత్తబుట్టలో వేయమంటారా? పోయినేడాది ఒకాయన కంప్యూటర్‌లో పవర్ సప్లై బాగోతం దానితోనే బయటపడింది. పది నిమిషాల్లో తీగ కాలిన వాసన వచ్చింది. మీ ఆటలు ఆర్నెల్లు ఆడినా అది తెలిసేది కాదు.

నాగావళి గట్టు
పవర్ సప్లైకీ ఫ్యాన్లకీ అది గట్టి పరీక్షే, ఒప్పుకుంటాను. వేగానికి మాత్రం కాదు. ఆట లాంటి దృశ్యాలు తిప్పి స్కోరిచ్చే త్రీడీమార్క్‌లోని స్ట్రెస్ టెస్టు నయం. ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పి, ఫ్రేముల నిలకడ 97 శాతం ఉంటే పాస్ అంటుంది. అయినా దృశ్యం ఒక్కటే కదా. రే ట్రేసింగ్‌తో (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఆడేవాళ్లు త్రీడీమార్క్‌లోనే ఉన్న పోర్ట్ రాయల్ పరీక్ష కూడా తిప్పాలి, ఆ తర్వాత రోజూ ఆడే ఆటే అసలు పరీక్ష.

ఇంకో మాట. మెమరీకి 1,000 కలిపారు సరే, స్కోరు పెరిగిందా? ఈ కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ తప్పు దొర్లితే పట్టుకుని అదే డేటాను మళ్లీ పంపుతుంది. తెర మీద చుక్కలు రావు, ఏదీ ఆగిపోదు, ఫ్రేములు మాత్రం తగ్గుతాయి. 250 చొప్పున పెంచుతూ స్కోరు కాగితం మీద రాసుకోండి. దిగడం మొదలైన చోట వెనక్కి రండి.

ముహూర్తాల వీడియో (గజపతినగరం)
మీరంతా ఆటల లెక్కలో మాట్లాడుతున్నారు. నాది పెళ్లి వీడియోల పని. ఆట ఆగితే మళ్లీ మొదలుపెడతారు. నేను రాత్రి ఎక్స్‌పోర్టుకు పెట్టి పడుకుంటాను, పొద్దున్నే పెన్‌డ్రైవ్ ఇవ్వాలి. తాళి కట్టే చోట ఆకుపచ్చ గళ్లు పడిన ఫ్రేము ఒక్కటి ఉన్నా పెళ్లికూతురి మేనత్త కంటపడుతుంది. ఓసీసీటీలోని మెమరీ పరీక్ష తప్పులను లెక్కపెట్టి చూపిస్తుంది, నాకు ఆ లెక్క సున్నా కావాలి. మూఢం రోజుల్లో ఓవర్‌క్లాక్ సరదా తీర్చుకుంటాను. ముహూర్తాలు మొదలైతే కంపెనీ పెట్టిన అంకెలే.

అరసవల్లి ఎండ
నెలకోసారి ఆట ఆగితే నాకు పోయేదేమీ లేదు. సున్నా తప్పుల మడి నాకెందుకు?

మూడు లాంతర్లు
స్కోరు రాసి చూశాను. మెమరీ 1,000 దగ్గర వచ్చింది 500 దగ్గర వచ్చిన దానికంటే తక్కువ! ఇన్నాళ్లూ కార్డును నేనే నెమ్మది చేసి మురిసిపోయాను. మెమరీని 500కు, కోర్‌ను 75కు దించాను. మూడు రోజులుగా మ్యాపులు మారుతున్నా తెర నల్లబడలేదు. మెమరీ వేడి మాత్రం 102 చూపిస్తోంది, చిప్‌ల వేడిని లాగే ప్యాడ్లు మార్చాలేమో. ఎండలు ముదిరాక మళ్లీ తిప్పి ఇక్కడే రాస్తాను.

పాత సీపీయూ
తగ్గించి నిలబెట్టుకున్నారు, సంతోషం. నా గంట ఫర్‌మార్క్ మాత్రం నేను మానను. పవర్ సప్లై అమ్మినవాడు వారంటీ లేదని గొడవకు దిగితే, అతని ఎదుటే తిప్పి చూపించడానికి నాకు అదొక్కటే ఉంది.