రోగిని కదిలించే ట్రైనింగ్‌లో అసలు ఏం నేర్పాలి?

వార్డు ఇన్‌ఛార్జ్, సీతమ్మధార:
40 పడకల ఆసుపత్రి. స్టాఫ్ నర్సులు, వార్డు బాయ్‌లు, ఆయాలు కలిపి 26 మందికి ట్రైనింగ్ పెట్టాలి. "మోకాళ్లు మడిచి ఎత్తండి" అని ఏటా ఒక గంట క్లాసు అవుతూనే ఉంది. అయినా నైట్ డ్యూటీ దిగేసరికి నడుము పట్టేసిందనే మాట తగ్గలేదు. పక్షవాతం కేసులే ఎక్కువ. హోయిస్ట్ (రోగిని ఎత్తే యంత్రం) లేదు. రెండు గంటల టైముంది, దేని మీద పెట్టమంటారు?

ఫిజియో, ఎంవీపీ కాలనీ:
మోకాళ్లు మడిచి ఎత్తడం బస్తాకు పనికొచ్చే పాఠమండి. మనిషికి పట్టు దొరకదు, మంచం అడ్డం, పైగా ఉన్నట్టుండి కదులుతాడు. పనిచేసేవాళ్ల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉన్నా పెట్టె బరువుకు హద్దు 23 కిలోలు. రోగి విషయంలో 2007లో సూచించిన హద్దు 16 కిలోలే. 70 కిలోల మనిషి కాలు ఒక్కటే దాదాపు 11 కిలోలు తూగుతుంది. ఇద్దరు కలిసి ఎత్తినా తలా 35 పడుతుంది. అందుకే ఎత్తడం మానిపించి, జరపడం నేర్పండి.

గంటంపావు, కిందికి జారిన రోగిని మంచం మీద పైకి జరపడానికే ఇవ్వండి. బ్రేకులు వేసి, తలవైపు దించాలి. రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) అప్పుడే ఫీడ్ ఇచ్చి ఉంటే దించకూడదు, కాసేపు ఆగాలి. మంచం ఎత్తు ఇద్దరిలో పొట్టివాళ్ల నడుముకు సరిపెట్టాలి. తల కొట్టుకోకుండా దిండు తలవైపు చెక్కకు ఆనించాలి. డ్రా షీట్ (రోగి కింద అడ్డంగా పరిచే దుప్పటి) భుజాల నుంచి తొడల దాకా ఉండాలి. దాని అంచుల్ని రోగి ఒంటికి ఆనేదాకా చుట్టి పట్టుకోవాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: అంచు దూరంగా పట్టుకుంటే చేతులు చాచాలి, భారమంతా నడుము మీదికి వస్తుంది. రోగిని గడ్డం ఛాతీకి ఆనించి, మంచి కాలు మడిచి మడమతో తన్నమనండి. "ఒకటి, రెండు, జరుపు" అని ఒక్కరే చెప్పాలి. ఆ మాటకు ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారాలి, చేతులతో గుంజకూడదు.

ఐసీయూ సిస్టర్, మహారాణిపేట:
మన విశాఖ ఉక్కపోతకు కాటన్ దుప్పటి వీపుకి అంటుకుపోతుంది. అలాగే లాగితే చర్మం అక్కడే ఆగిపోయి లోపలి ఎముక జరుగుతుంది. నడుము కింద పుండు మొదలయ్యేది ఈ రాపిడికే. స్లైడ్ షీట్ కొనిపించండి. జారుడు నైలాన్ గుడ్డ రెండు పొరలు ఒకదానిపై ఒకటి జారతాయి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో అడిగి చూడండి. ఒక్కో రోగికి ఒక్కోటి. పని అవగానే తీసేయాలి, మరిచిపోతే రోగి మంచం మీంచి జారిపోతాడు. ఇంకోటి, రోగిని ముట్టుకునే ముందు యూరోబ్యాగ్ (మూత్రం సంచి), సెలైన్ గొట్టం జరిపే వైపుకు మార్చండి.

వార్డు ఇన్‌ఛార్జ్:
థాంక్స్ అండి. వీల్‌చైర్‌లోకి దించడం సంగతి?

ఫిజియో, ఎంవీపీ కాలనీ:
ముందు చంకల్లో చేతులు పెట్టి లాగే అలవాటు మాన్పించండి, పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలు జారిపోతుంది. కుర్చీని మంచి వైపు, మంచానికి 30 నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి, బ్రేకులు వేసి, కాళ్ల పలకలు పక్కకు తీయాలి. కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి, తల తిరుగుతుందేమో అడగాలి. రోగి నడుముకు బెల్టు కట్టి, బలం లేని మోకాలికి మన మోకాలు అడ్డం పెట్టాలి. రోగిని మన మెడ పట్టుకోనివ్వద్దు. కాళ్ల మీద అస్సలు నిలబడలేకపోతే నిలబెట్టొద్దు, ట్రాన్స్‌ఫర్ బోర్డు (మంచానికీ కుర్చీకీ మధ్య వేసే నున్నని పలక) మీద జరపండి. మధ్యలో కూలబడితే గాల్లో ఆపాలని చూడకండి, దగ్గరగా పట్టుకుని తల కాపాడుతూ నేలకు దించండి.

ఐసీయూ సిస్టర్, మహారాణిపేట:
ర్యాంప్ ఉంటే అక్కడా ఒకసారి చేయించండి. దిగేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి తిప్పి, తోసేవాళ్లు కిందివైపు ఉండాలి. స్ట్రెచర్ అయితే కాళ్లవైపు ముందు, ఇద్దరు తప్పనిసరి.