పాపకు ఇనుప క్లిప్పులా, కనపడని అలైనర్లా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

అనంత అమ్మ (అనంతపురం)
అందరికీ నమస్కారం. మా పాపకు 15 ఏళ్ళు. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, జూన్‌లో విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో ఇంటర్‌కు చేరుస్తున్నాం. పై పళ్ళు ఎత్తు, పెదాలు పూర్తిగా మూతపడవు. కింద ముందు పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎవరైనా ఫోటో తీస్తుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకరు ఇనుప క్లిప్పులు వెయ్యాలి, నాలుగు పళ్ళు తీయాలి, రెండేళ్ళు పడుతుంది, 45 వేలు అన్నారు. ఇంకో చోట నోరంతా స్కాన్ చేసి, పళ్ళు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో చూపించి, అలైనర్లు (పళ్ళకు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు) పెడదాం, పళ్ళు తీసే పనే లేదు, లక్షా 70 వేలు అన్నారు. పాప ఆ బొమ్మ చూసినప్పటి నుంచి అదే కావాలంటోంది. డబ్బు ఎలాగో సర్దుతాం. కానీ ఒకరు పళ్ళు తీయాలంటే ఇంకొకరు అక్కర్లేదంటున్నారు, ఎవర్ని నమ్మాలి? ఇంకో టెన్షన్ కూడా ఉంది. పాప చిన్నప్పుడు మేం ఊళ్ళో బోరు నీళ్ళే తాగాం. పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. అలాంటి పళ్ళకు క్లిప్పులు అతుక్కుంటాయా?

సంగటి ముద్ద (కడప)
అక్కా, నేను 22 నెలలు ఇనుప క్లిప్పులతో ఉన్నాను. కడప గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో వేయించుకున్నాను. బయట అడిగిన దాంట్లో సగం కూడా ఖర్చు కాలేదు. కాకపోతే ఓపిక కావాలి. పొద్దున్నే వెళ్ళి ఓపీలో కూర్చోవాలి. నాకు మొదలుపెట్టిన పీజీ డాక్టర్ చదువు అయిపోయి వెళ్ళిపోతే, మధ్యలో ఇంకొకరు తీసుకున్నారు. పైన ప్రొఫెసర్లు చూస్తుంటారు కాబట్టి నాకు తేడా ఏం రాలేదు.

మొదటి వారం ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్తాను. వేసిన రోజు ఏం తెలీదు. ఆ రాత్రి నుంచి మూడు నాలుగు రోజులు పళ్ళన్నీ జివ్వుమంటాయి, అన్నం మెతుకు కొరికినా నొప్పే. అప్పుడు నన్ను కాపాడింది రాగి సంగటి. చిన్న ముద్దలు చేసి పప్పులో ముంచి మింగేయడమే. తర్వాత చెంపల లోపల పుండ్లు పడ్డాయి. డాక్టర్ మైనం ఇస్తారు, చిన్న ఉండ చేసి గుచ్చుకునే క్లిప్పు మీద అద్దాలి. మూడు వారాలకు చెంపలు అలవాటు పడ్డాయి. ఆ తర్వాత ప్రతి నెలా తీగ మార్చినప్పుడు రెండు రోజులు నొప్పి, అంతే.

వేయించిన శెనక్కాయలు, చెరకు, ఎముక కొరకడం మానేయాలి. జామకాయ అయినా చాకుతో ముక్కలు కోసుకునే తినాలి. బొరుగుల ఉగ్గాణి తింటే మాత్రం అద్దం ముందు నిలబడి చిన్న బ్రష్‌తో క్లిప్పుల సందులన్నీ తోముకోవాలి.

హంద్రీ గట్టు (కర్నూలు)
అలైనర్ల వైపు నుంచి నేను చెప్తాను. నాకు 27, బ్యాంకులో కౌంటర్ మీద పని. నా పళ్ళు ఎత్తు కాదు, ముందు పళ్ళ మధ్య సందులు, ఒక కోరపన్ను వంకర. 14 నెలల్లో అయిపోయింది, ఫలితం బాగుంది. వారం పది రోజులకొక జత మార్చుకుంటూ పోవాలి. నొప్పి తక్కువ, పుండ్లు పడలేదు. అలాగని ఎవరికీ కనపడదని అనుకోకండి. పళ్ళ మీద పంటి రంగులోనే చిన్న చిన్న బుడిపెలు అతికిస్తారు, ట్రే వాటిని పట్టుకునే పన్నును తిప్పుతుంది. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మొదటి వారం 'స', 'శ' సరిగ్గా పలకలేదు.

అసలు కష్టం రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవడం. మంచినీళ్ళు తప్ప ఏం తాగాలన్నా తీయాలి. నేను రోజుకు ఐదు టీలు తాగేదాన్ని, రెండుకు తెచ్చాను. తిన్న ప్రతిసారీ బ్రష్ చేసుకునే మళ్ళీ పెట్టుకోవాలి. ఒకసారి నంద్యాలలో పెళ్ళికి వెళ్ళి, భోజనానికి కూర్చుని ట్రేను టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి విస్తరి ఎత్తేశారు. ఇంకోసారి శుభ్రం చేద్దామని కాగిన నీళ్ళలో వేశాను, వంగిపోయింది. ఆ రెండు పొరపాట్లకు దాదాపు రెండు నెలలు వెనకపడ్డాను. అంత పెద్దదాన్ని నేనే అలా చేశానంటే, హాస్టల్‌లో 15 ఏళ్ళ పిల్ల సంగతి ఆలోచించండి అక్కా.

ఆర్థో పీజీ
నేను పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిక్స్ పీజీ కోర్సులోనే ఉన్నాను. పాపను చూడలేదు కాబట్టి ఏది వేయించాలో చెప్పను, ఏం అడగాలో చెప్తాను.

ముందు పళ్ళు తీయడం గురించి. వంకర పళ్ళు వరసలోకి రావాలంటే చోటు కావాలి. పళ్ళ పక్కలు మిల్లీమీటరులో మూడో వంతో, అర వంతో అరగదీసి కొంత చోటు తెస్తారు, పలువరసను కాస్త వెడల్పు చేసి ఇంకొంత తెస్తారు. చిన్న వంకరలకు అది సరిపోతుంది. కానీ పళ్ళు ముందే ఎత్తుగా ఉండి, పెదాలు మూతపడని వాళ్ళకు చోటు చాలకుండా వరస సర్దితే, పళ్ళు ఇంకా ముందుకు వస్తాయి. వరస చక్కగా ఉంటుంది, మూతి మాత్రం అలాగే ఉంటుంది. మీకు కంప్యూటర్‌లో పళ్ళు మాత్రమే చూపించి ఉంటారు, పెదాలు చూపించి ఉండరు. తల పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్‌రే తీశారా, అందులో కొలతలేమిటి అని ఇద్దర్నీ అడగండి. తీయకుండానే పళ్ళు తీయాలన్నా, అక్కర్లేదన్నా నేనైతే ఒప్పుకోను.

పళ్ళు తీసిన ఖాళీ మూయడం అలైనర్లతో చేయకూడదని కాదు, కష్టం. పన్ను నిటారుగా వెనక్కి జరగకుండా ఖాళీలోకి ఒరిగిపోయే ప్రమాదం ఎక్కువ. బాగా అనుభవం ఉన్న చేతిలోనే ఆ పని జరగాలి. ఎండీఎస్ (డెంటల్‌లో పీజీ) ఆర్థోడాంటిక్స్ చేసినవాళ్ళే చూస్తున్నారా అన్నది తప్పక అడగండి.

చారల సంగతి. అది ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు వచ్చే మచ్చలు అయ్యుండొచ్చు. క్లిప్పు అతికించే ముందు పంటి పైపొరను యాసిడ్‌తో గరుకు చేస్తారు. ఫ్లోరైడ్ ఎక్కిన పొర యాసిడ్‌కు తొందరగా లొంగదు, అందుకే క్లిప్పులు ఎక్కువసార్లు ఊడుతాయి. పొరను కొంచెం గీకడం, యాసిడ్ ఎక్కువసేపు ఉంచడం లాంటివి చేస్తారు. అలైనర్ల బుడిపెలూ అదే పొరకు అతకాలి కాబట్టి అక్కడా ఈ ఇబ్బంది తప్పదు. ఏది వేయించినా చారలు పోవు, వాటికి వైద్యం తర్వాత వేరే చేయించుకోవాలి.

బడి పంతులు (కళ్యాణదుర్గం)
చారల గురించి చదివి రాస్తున్నానమ్మా. మా వైపు బోరు నీళ్ళ వల్ల ఇది ఎన్నో ఇళ్ళలో ఉంది. 1990ల్లో సత్యసాయి ట్రస్టు నీళ్ళు వచ్చిన ఊళ్ళలో పిల్లల పళ్ళు చూస్తే మా తరానికీ వాళ్ళకూ తేడా తెలుస్తుంది. మా అమ్మాయికి చారలుండగానే ఇనుప క్లిప్పులు వేయించాం. మొదటి ఆరు నెలల్లో ఐదుసార్లు ఊడాయి. ఊడినప్పుడల్లా అనంతపురం బస్సెక్కాం. తర్వాత నిలబడ్డాయి. పని పూర్తయింది. ఊడితే మళ్ళీ అతికించడానికి డబ్బు తీసుకుంటారా లేదా ముందే మాట్లాడుకోండి.

ఆదోని నాన్న
హాస్టల్ గురించి నాకు తెలిసింది. మావాడు క్లిప్పులతోనే ఇంటర్ చదివాడు. నెలకోసారి ఔటింగ్ ఇస్తామన్న కాలేజీ పరీక్షల పేరు చెప్పి రెండు నెలలు పంపలేదు. తీగ చివర చెంపకు గుచ్చుకుంటుంటే వార్డెన్‌ను మేం ఫోన్‌లో అడగ్గా అడగ్గా పంపించాడు. ఊరి డాక్టర్ ఒకరు, కాలేజీ ఊరిలో ఇంకొకరు అంటే ఎవరూ సరిగ్గా పట్టించుకోరు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు తీసుకోవడానికి వెనకాడతారు. విజయవాడ ఖాయమైతే అక్కడే మొదలుపెట్టించండి.

గుత్తి కోట
మా చెల్లెలు హాకీ ఆడుతుంది. క్లిప్పులున్నన్నాళ్ళూ దాని మీదకు సరిపోయే మౌత్‌గార్డ్ లేకుండా గ్రౌండ్‌లో దిగనివ్వలేదు. పాప ఆటలాడితే గుర్తుపెట్టుకోండి.

హంద్రీ గట్టు (కర్నూలు)
ఒక మాట మర్చిపోయాను. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని అచ్చు మనమే తీసి పంపేవి ఉంటాయి, వాటి జోలికి పోకండి. అమెరికాలో అలాంటి పెద్ద కంపెనీ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబర్‌లో మూతపడితే, వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు అలాగే నిలిచిపోయారు.

పట్టు మగ్గం (ధర్మవరం)
క్లిప్పులైనా ట్రేలైనా, తీసేశాక పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోవాలి. నేను ఆరు నెలలు పెట్టుకుని, పెళ్ళి పనుల్లో పడి వదిలేశాను. రెండేళ్ళకు కింది పళ్ళు మళ్ళీ ఒకదాని మీదకొకటి వచ్చాయి. 19 నెలలు పడ్డ కష్టం, మా నాన్న కట్టిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. రిటైనర్ ఖర్చు మీ 45 వేలలో ఉందో లేదో అడగండి. పాపకు కూడా ఇప్పుడే చెప్పండి, రాత్రిపూట ఏళ్ళ తరబడి పెట్టుకోవాల్సిందే.

అనంత అమ్మ (అనంతపురం)
ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ రుణపడి ఉంటాను. మూడో డాక్టర్‌కు చూపించి సెఫలోగ్రామ్ తీయించాం. పళ్ళు తీయకపోతే మూతి లోపలికి పోదని ఎక్స్‌రే మీద గీతలు గీసి పాపకే చూపించారు. అలైనర్లు అన్నచోట ఆ ఎక్స్‌రే తీయలేదు. పాప ఒకరోజంతా ఏడ్చింది, మరుసటి రోజు "రెండేళ్ళే కదమ్మా" అంది. ఆదోని అన్న చెప్పినట్టు విజయవాడలోనే, కాలేజీకి దగ్గరలో ఎండీఎస్ చేసిన డాక్టర్‌ను మాట్లాడుకున్నాం. నెలకోసారి పంపాలని ప్రిన్సిపాల్ దగ్గర ముందే కాగితం రాయించుకున్నాం. వచ్చే వారం ఇనుప క్లిప్పులే. క్లిప్పులకు తీగను పట్టి ఉంచే రబ్బర్ల రంగు ఎంచుకోమన్నారు, పాప తెల్లవి అంటోంది.

సంగటి ముద్ద (కడప)
తెల్లవి వద్దక్కా. మన పప్పుల్లో పసుపుకు రెండు రోజుల్లో పచ్చగా అయిపోతాయి, మళ్ళీ నెల దాకా మార్చరు. బూడిద రంగో, ముదురు నీలమో తీసుకోమనండి. మైనం రెండు డబ్బాలు అడిగి తీసుకోండి, ఒకటి హాస్టల్ పెట్టెలో ఉండాలి. క్లిప్పులు వేసిన రాత్రికి రాగి జావ కాచి చల్లార్చి ఉంచండి.