జేడెన్ ఐవీ రెండో ఏడాది పాడైంది కోచ్ వల్లా, రోల్ వల్లా?

పిస్టన్స్_అభిమాని:
NBA బాస్కెట్‌బాల్ జట్టు డెట్రాయిట్ పిస్టన్స్‌లో గార్డుగా (బంతి నడిపే ఆటగాడిగా) ఆడిన ఐవీ మాట ఎత్తితే చాలు, అందరూ రెండో ఏడాది కోచ్ మాంటీ విలియమ్స్‌నే తిడుతున్నారు. నాకు అది సరికాదనిపిస్తోంది. 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే పద్ధతి) 5వ పిక్‌గా వచ్చి, మొదటి సీజన్‌లో కోచ్ డ్వేన్ కేసీ కింద మ్యాచ్‌కి సగటున 16.3 పాయింట్లు, 5.2 అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కి ఇచ్చిన పాస్‌లు) సాధించాడు. రెండో ఏడాది విలియమ్స్ వచ్చాక అవి 15.4, 3.8కి తగ్గాయి. కానీ ఆ మొదటి ఏడాది జట్టు ప్రధాన గార్డు కేడ్ కనింగ్‌హామ్ కాలి సర్జరీ వల్ల 12 మ్యాచ్‌లే ఆడాడు కదా, బంతి ఎక్కువగా ఐవీ చేతిలోనే ఉండేది. కేడ్ తిరిగొస్తే ఎవరు కోచ్‌గా ఉన్నా బంతి కేడ్‌కే వెళ్తుంది. దీనికి విలియమ్స్‌ని అనడం ఎందుకు?

బేస్‌లైన్:
బ్రో, బంతి తగ్గడం వేరు, తన పని ఏంటో రోజుకో రకంగా మారిపోవడం వేరు. 2023-24 మొదట్లో విలియమ్స్ ఐవీని బెంచ్ మీద కూర్చోబెట్టి కిలియన్ హేస్‌ని స్టార్ట్ చేశాడు. కేడ్, హేస్, ఆసర్ థాంప్సన్, స్టూవర్ట్, డ్యూరెన్, ఇదీ ఆ అయిదుగురి జట్టు. హేస్, ఆసర్ బయటి నుంచి కొడతారన్న భయం ఎవరికీ లేదు కాబట్టి వాళ్లని కాయాల్సిన డిఫెండర్లు వెనక్కి జరిగి పెయింట్‌లో (బుట్ట కింది ప్రాంతంలో) నిలబడేవాళ్లు. ఐవీ అసలు బలం మొదటి అడుగులోని వేగం, అలాంటి లైనప్‌లతో దిగినప్పుడు ఆ వేగంతో వెళ్లడానికి దారే లేదు. రెండు గెలుపులు, ఒక ఓటమితో మొదలైన జట్టు వరసగా 28 మ్యాచ్‌లు ఓడి, చివరికి 14 గెలుపులు, 68 ఓటములతో (14-68) ముగించింది. ఎవరి కోసం ఐవీని పక్కన పెట్టారో ఆ హేస్‌ని 2024 ఫిబ్రవరిలో జట్టే వదిలేసింది! ఇరవై ఒక్కేళ్ల గార్డుకి ఆ నెలలు ఎవరు తిరిగిస్తారు?

ఇక మూడో ఏడాది, 2024-25 చూడండి. జేబీ బికర్‌స్టాఫ్ కోచ్‌గా వచ్చాడు, బయటి నుంచి కొట్టగల హార్డవే, బీస్లీ, టోబయస్ హారిస్ వచ్చారు, అంటే కోర్టు మీద ఖాళీ వచ్చింది. ఐవీ 17.6 పాయింట్లు, మూడు పాయింట్ల షాట్లలో 33.6 శాతం నుంచి 40.9 శాతానికి పెరిగాడు. అసిస్టులు మాత్రం 4.0 దగ్గరే ఆగాయి. అంటే బంతి అతనికి తిరిగి ఇవ్వలేదు, కేడ్ చేతిలోనే ఉంది. కేడ్ ఇద్దరిని తన మీదకి లాక్కుని పాస్ ఇస్తే, అప్పటికే పక్కకి ఒరిగిన డిఫెన్స్ మీదకి ఐవీ దూసుకెళ్లాడు, లేదా పట్టుకుని వెంటనే షూట్ చేశాడు. చిన్న రోలే, కానీ ప్రతి రాత్రీ అదే రోల్. నేను కోచ్‌ని తప్పుపట్టేది దీని గురించే.

జోన్_డిఫెన్స్:
ఆ మూడో ఏడాది ఐవీ ఆడింది 30 మ్యాచ్‌లు మాత్రమే అండీ. అంత తక్కువ మ్యాచ్‌లలో షూటింగ్ ఎటైనా ఊగుతుంది. పైగా అదే వేసవిలో షూటింగ్ కోచ్ ఫ్రెడ్ విన్సన్ న్యూఆర్లీన్స్ నుంచి వచ్చాడు, ఆ ఘనత స్పేసింగ్‌కి (కోర్టు మీద వచ్చిన ఖాళీకి) ఇవ్వాలా ఆయనకి ఇవ్వాలా? ఇంకోటి, ఐవీ డిఫెన్స్ బలహీనం, టర్నోవర్లు (బంతి ఎదుటి జట్టుకి పోగొట్టడం) ఎక్కువ. డిఫెన్స్ ఆడనివాడిని కూర్చోబెట్టే హక్కు కోచ్‌కి ఉండాలి, లేకపోతే మిగతా జట్టుకి ఏం చెప్తాడు?

కోర్ట్‌సైడ్_బెజవాడ:
నేను స్కూల్ పిల్లలకి నేర్పిస్తాను, స్థాయి వేరే అయినా ఒకటి చెప్తాను. టర్నోవర్ చేసిన ప్రతిసారీ బయటికి లాగేస్తే పిల్లాడు పాస్ ఇచ్చాక బంతి ఎటు పోయిందో చూడడు, బెంచ్ వైపు చూస్తాడు. పిక్ అండ్ రోల్‌లో (సహచరుడు డిఫెండర్‌కి అడ్డు నిలిచి, తర్వాత బుట్ట వైపు కదిలే ఎత్తు) సాయానికి వచ్చే రెండో డిఫెండర్ ఎటు నుంచి వస్తాడో తప్పులు చేస్తేనే తెలుస్తుంది, వీడియో చూపించి నేర్పించేది కాదు. డిఫెన్స్ కోసం కూర్చోబెట్టొచ్చు, తప్పు లేదు, కానీ ఎందుకు కూర్చోబెట్టారో, మళ్లీ ఎప్పుడు దిగుతాడో ఆ ఆటగాడికి తెలియాలి.

పిస్టన్స్_అభిమాని:
హార్డవే, బీస్లీ లాంటి షూటర్లు విలియమ్స్‌కి ఇచ్చుంటే ఆయన కూడా ఇదే చేసేవాడేమో కదా? జట్టు కట్టింది మేనేజ్‌మెంట్.

బేస్‌లైన్:
షూటర్ల విషయంలో మీతో ఏకీభవిస్తా, అందుకే 14-68 మొత్తం ఆయన మీద వేయడం లేదు. కానీ ఉన్నవాళ్లలోనే ఐవీ కన్నా తక్కువ షూట్ చేసే హేస్‌ని ఎంచుకున్నది ఆయనే. షూటర్లు లేని జట్టులో ఇంకో షూటర్ కానివాడిని కలపడం మేనేజ్‌మెంట్ చెప్పిన పని కాదు.

జోన్_డిఫెన్స్ గారూ, 30 మ్యాచ్‌ల సంగతి నిజమే, నన్ను బాధపెట్టేదీ అదే. 2025 జనవరి 1న ఒర్లాండోతో ఆడుతూ ఎడమ కాలి ఎముక విరిగింది, సీజన్ అక్కడితో అయిపోయింది. జట్టు 44-38తో ప్లేఆఫ్స్‌కి వెళ్లి న్యూయార్క్ చేతిలో ఆరు మ్యాచ్‌ల్లో ఓడింది. న్యూయార్క్ గార్డు బ్రన్సన్ వెంట పరిగెత్తాల్సిన ఆ సిరీస్‌లో ఐవీ ఆడుంటే డిఫెన్స్ గురించి మీ ప్రశ్నకి జవాబు దొరికేది. విన్సన్‌కి రావాల్సిన ఘనత ఆయనకి ఇద్దాం, కానీ ఆయన దిద్దిన షాట్‌ని మ్యాచ్‌లో భయం లేకుండా వేసే చోటు ఇచ్చింది మాత్రం బికర్‌స్టాఫే.