పక్క ప్లాటులో హాస్టల్: ఇల్లు అని పర్మిషన్, ఐదంతస్తులు, 80 మంది. ఎవరైనా ఆపగలిగారా?

మూడో_ఫేజు
మాది హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ. పక్క ప్లాటు 300 గజాలు. పాత ఇల్లు పడగొడుతుంటే ఆ ఇంటివాళ్ళ పిల్లలు ఇల్లు కట్టుకుంటున్నారేమో అనుకుని మంచినీళ్ళు కూడా మేమే ఇచ్చాం. మూడో స్లాబు పడ్డాక కూడా సెంట్రింగ్ ఆగలేదు. నాలుగు, ఐదు, ఆ పైన రేకుల షెడ్డు. గృహప్రవేశం లేదు ఏమీ లేదు, ఒకరోజు పొద్దున్నే లారీ నిండా ఇనప మంచాలు దిగాయి. ఇప్పుడు 80 మంది ఉన్నారు. మా పడకగది కిటికీ తీస్తే వాళ్ళ బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను, చెయ్యి చాపితే అందుతుంది. మ్యాన్‌హోల్ వారానికోసారి పొంగుతోంది. రోడ్డు మీద 38 బైకులు, మొన్న రాత్రి నాన్నగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చి కారు బయటికి రాక నిలబడి లెక్కపెట్టాను. రెండుసార్లు అర్జీ పెట్టాం. వచ్చారు, టేపుతో కొలిచారు, ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. కట్టేశాక ఆపించే దారి ఏదైనా ఉందా? ఈ మురుగు సంగతి ఎవరిని పట్టుకుంటే తేలుతుంది?

బోరబండ_బాబాయ్
ఏమీ తేలదు తమ్ముడూ. మా గల్లీలో మూడున్నాయి. రాత్రి రెండింటికి డాబా మీద బర్త్‌డే, కేకు మొహానికి పూసుకోవడం, పొద్దున మా వాకిట్లో సీసాలు. కాపురాలు చేసుకునే చోట ఇవేంటని అడిగితే "అంకుల్ చిల్" అంటాడొకడు. నా వయసు 61.

పీజీ_పక్షి
ఆ 80 మందిలో ఒకణ్ణి నేననుకోండి. ముగ్గురుండే గదికి నెలకి 7,500 కడుతున్నాను, పొద్దున ఏడింటికి బాత్రూం లైన్లో నిలబడతాను, సాంబారులో ముక్క దొరికితే ఫోటో తీసి గ్రూపులో పెడతాను. సరదాకి వచ్చామనుకుంటున్నారా? మీ గేటుకి "టూలెట్, ఫ్యామిలీస్ ఓన్లీ" అని బోర్డు మీరే పెడతారు. మాకు ఇల్లివ్వరు, హాస్టల్‌కి పోతే హాస్టల్ ఎందుకంటారు. బైకులంటారా, సెల్లార్‌లో ఓనరు వంటగది, ఉల్లిపాయల బస్తాలు పెట్టాడు, బండి నెత్తిన పెట్టుకుని పడుకోవాలా? ఇంకోటి. ఆ వీధులన్నీ నేను తిరిగినవే. రోడ్డు మీదికి ర్యాంపు లేని ఇల్లు ఒక్కటి చూపించండి. మీ ర్యాంపు ఎన్ని అడుగులు మూడో ఫేజు గారూ?

మూడో_ఫేజు
మాది రెండున్నర అడుగులు. అదీ మా తప్పు కాదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే రోడ్డేసి, మళ్ళీ దాని మీద ఇంకోటి వేస్తే వాన నీళ్ళన్నీ హాల్లోకి వచ్చాయి. గేటు దగ్గర ఎత్తు చేయించాక ర్యాంపు లేకుండా కారు ఎలా ఎక్కుతుంది? హాస్టల్ గురించి అడిగితే ర్యాంపు ఎక్కడినుంచి వచ్చింది?

సత్తిబాబు_సైకిల్
ర్యాంపు దగ్గరే మొదలు సార్ అంతా. పోయిన వానాకాలం చీకట్లో ఎవరిదో ర్యాంపు అంచు తగిలి పడ్డాను, మోచెయ్యి విరిగింది, ఆరు వారాలు కట్టు. ఆ ఇంటాయన వచ్చి నన్ను లేపకుండా టైల్ పగిలిందేమో చూసుకున్నాడు. 30 అడుగుల రోడ్డులో అటు నాలుగు, ఇటు నాలుగు ర్యాంపులకి పోయాయి, కుండీలు, తులసికోట, జనరేటరు, ఇంకేం మిగిలింది? తర్వాత బైకుల వాళ్ళని అంటారు.

బోరబండ_బాబాయ్
తులసికోట జోలికి రాకండి.

సత్తిబాబు_సైకిల్
తులసమ్మని రోడ్డు మీద పెట్టింది నేనా?

బోరబండ_బాబాయ్
నలభై ఏళ్ళ నుంచి పన్ను కడుతున్నాం. నిన్నగాక మొన్న బ్యాగు తగిలించుకుని దిగినవాళ్ళు మాకు రూల్స్ చెబుతారా.

పీజీ_పక్షి
మీరు కూడా ఎక్కడినుంచో ఒకచోటి నుంచి దిగినవారే కదా బాబాయ్.

ఎల్‌టీపీ_22ఏళ్ళు
కొట్టుకోవడం ఆపండి. నేను ఎల్‌టీపీని, అంటే ప్లాన్లు గీసి సంతకం పెట్టే లైసెన్సున్నవాణ్ణి, 22 ఏళ్ళుగా గీస్తున్నాను, ఈ ఊళ్ళో నా సంతకం మీద లేచిన ఇళ్ళు వందల్లో ఉంటాయి. ఇక్కడ ఒక్కరికీ అసలు కిటుకు తెలియదు. 300 గజాలంటే 250 చదరపు మీటర్లు. బీపాస్‌లో, అంటే ఆన్‌లైన్ బిల్డింగు పర్మిషన్ల పద్ధతిలో, 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు నివాసమైతే సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి వస్తుంది. 75 గజాల లోపు అయితే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అంటే "నేను రూల్ ప్రకారమే కడతాను" అని ఓనరు తనకి తనే రాసిస్తాడు. తప్పుగా రాసిస్తే నోటీసు లేకుండా కూల్చొచ్చని 2020 చట్టంలోనే ఉంది. ఇంకా, కట్టిన దాంట్లో పది శాతం తాకట్టు పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అనే కాగితం) వచ్చాకే వదులుతారు. వీళ్ళు ఆ సర్టిఫికెట్ కోసం వెళ్ళనే వెళ్ళరు, తాకట్టు అలాగే పడుంటుంది, మంచాలు మాత్రం దిగుతాయి. మూడో ఫేజు గారూ, శాంక్షన్ కాపీ తీసుకోండి, మూడంతస్తులకి మించి ఉండదు. నేను చెబుతున్నా రాసిపెట్టుకోండి.

లా_ఫైనలియర్
"నోటీసు లేకుండా" అన్న ముక్క దగ్గర ఆగండి సార్. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని చెప్పింది. రేపు అది లేకుండా కూలిస్తే ఓనరు నేరుగా కోర్టుకి వెళ్ళి స్టే తెచ్చుకుంటాడు, ఇంకో ఆరేళ్ళు. మూడో ఫేజు గారికి పనికొచ్చేది అదే ఏడాది డిసెంబరు 17 తీర్పు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని భవనానికి కరెంటు, నీళ్ళు ఇవ్వకూడదని, బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూశాకే లోను ఇవ్వాలని అందులో ఉంది. మీ అర్జీలో "పక్కింట్లో గోల" అని రాయకండి. సర్టిఫికెట్ ఉందా, కరెంటు మీటరు ఏ కేటగిరీ (ఇంటిదా, వ్యాపారానిదా), ఈ రెండే ఆర్టీఐలో అడగండి. అన్నట్టు నవంబరు తీర్పులో ఆ 15 రోజులు రోడ్డు, ఫుట్‌పాత్ మీద కట్టుకున్నవాటికి వర్తించవు. ర్యాంపుల వాళ్ళు గమనించగలరు :)

సత్తిబాబు_సైకిల్
నీకు దండం తమ్ముడూ.

ఎల్‌టీపీ_22ఏళ్ళు
ఫైనలియర్ పాసయ్యాక మాట్లాడదాం బాబూ. ఫీల్డు వేరు, పుస్తకం వేరు.

లా_ఫైనలియర్
ఫీల్డులో ఐదంతస్తులు లేచింది కూడా ఎవరో ఒక ఎల్‌టీపీ సంతకం మీదే కదా సార్.

ఎల్‌టీపీ_22ఏళ్ళు
నోరు అదుపులో పెట్టుకో. నేను మూడంతస్తులకి గీసిస్తాను, పైన రెండు వాళ్ళు లేపుకుంటే నేనేమైనా కాపలా కాయాలా? అందరికీ ఒకటే ఆశ, ఎప్పటికైనా బీఆర్‌ఎస్ వస్తుంది, కట్టేద్దామని.

బోరబండ_బాబాయ్
రాజకీయాలు వద్దు ఇక్కడ.

ఎల్‌టీపీ_22ఏళ్ళు
పార్టీ కాదండీ, స్కీము! క్రమబద్ధీకరణ. 2015 అక్టోబరు 28కి ముందు కట్టినవాటికే పెట్టారు, అది కూడా కోర్టులో ఇరుక్కుంది. ఆ తర్వాత కట్టినవాళ్ళు కూడా అదే దేవుడికి మొక్కుకుంటున్నారు.

కొవెంట్రీ_కుర్రాడు
ఇక్కడ ఇంగ్లండ్‌లో మాలాంటి తెలుగు కుర్రాళ్ళం ఉండేవి కూడా ఇవే, కాకపోతే హెచ్‌ఎంఓ అంటారు. ఒకే కుటుంబం కానివాళ్ళు ఐదుగురు లేదా ఎక్కువమంది వంటగది, బాత్రూం పంచుకుంటే ఓనరుకి లైసెన్సు ఉండి తీరాలి. ఏడుగురైతే ప్లానింగ్ పర్మిషన్ వేరే తెచ్చుకోవాలి. కొన్ని పేటల్లో కౌన్సిల్ ఆర్టికల్ 4 అని పెట్టింది, అక్కడ ముగ్గురు నలుగురికి మార్చాలన్నా అడగాల్సిందే. అడిగితే చుట్టుపక్కల వాళ్ళకి తెలుస్తుంది, అభ్యంతరాలు రాస్తారు. మా వీధిలో ఒకదానికి రాసిన అభ్యంతరాలు ఆన్‌లైన్లో చదివాను, ఉన్నవి మూడే: పార్కింగు, చెత్తబుట్టలు, చప్పుడు. బాబాయ్ గారే ఇంగ్లీషులో రాసినట్టుంది. మన దగ్గర పక్కింటివాణ్ణి అడిగే పద్ధతి లేదు, మంచాలు దిగాకే తెలుస్తుంది.

పీజీ_పక్షి
అద్దె ఎంత బ్రో అక్కడ?

కొవెంట్రీ_కుర్రాడు
అడక్కు. ఏడుస్తాను.

హాస్టల్_అక్క
ఇంతమంది తిడుతున్నారు కాబట్టి నేనూ చెప్పుకుంటాను. పదకొండేళ్ళుగా లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. బిల్డింగు నాది కాదు, లీజు. ఓనరు ప్లాన్ కాపీ చూపించలేదు, అడిగితే వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారన్నాడు. ఏటా అద్దె పెంచుతాడు, అధికారులు వస్తే ఫోనెత్తడు, నన్ను ముందుకు తోస్తాడు. నెలకి 20,000 లోపు, కనీసం 90 రోజులుండేవాళ్ళ మీద జీఎస్‌టీ లేదని 2024లో తేల్చారు కాబట్టి ఆ టెన్షన్ కొంచెం తగ్గింది, గ్యాసు, కూరగాయలు, కరెంటు మాత్రం ఎవరు తగ్గిస్తారు? మా పిల్లల్లో సగం మంది ఊళ్ళో ఇంటికి డబ్బు పంపుతారు. గొంతెత్తి మాట్లాడే పిల్ల ఒక్కతి లేదు. అందరినీ ఒకే గాట కట్టకండి.

మూడో_ఫేజు
అక్కా, మీ మీద కోపం లేదు. నా మురుగు ప్రశ్నకి ఎవరూ సమాధానం చెప్పలేదు.

నీళ్ళ_లెక్క
నేను చెబుతాను. మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది మామూలు లెక్క. 80 మందికి 10,800. అందులో ఎనభై శాతం డ్రైనేజీలోకి పోతుంది. ఒక కుటుంబం కోసమని వేసిన ఇంటి పైపు, దానికి తగిన లైను ఇంతని ఎలా మోస్తుంది? పైగా ఏప్రిల్లో బోరు ఎండి ట్యాంకర్లు వస్తే అదంతా కూడా మీ మ్యాన్‌హోల్ దారే పడుతుంది. ఇళ్ళకి నెలకి 20,000 లీటర్లు ఉచితం కదా, వీళ్ళకది రెండు రోజులకి సరి. కాబట్టి వాటర్ బోర్డుకి రాసేటప్పుడు "పొంగుతోంది" అని రాస్తే మనిషిని పంపి కర్రతో పొడిపించి కంప్లైంటు మూసేస్తారు. "ఇంటి కనెక్షన్ మీద హాస్టల్ నడుస్తోంది, కేటగిరీ మార్చండి, లైను సైజు చూడండి" అని రాయండి. మా వీధిలో అలా రాశాక నాలుగు నెలలకి పెద్ద పైపు వేశారు. ఖర్చులో ఓనరు వాటా కట్టాడు కూడా.

సిద్ధిఖ్‌నగర్_దగ్గర
మీరు పైపుల గురించి మాట్లాడుతున్నారు. 2024 నవంబరులో మా దగ్గర బిల్డింగే ఒరిగింది. పక్కన పునాదికి గుంత తీశారు, సాయంత్రానికి పక్కకి వాలిపోయింది, జనం చేతికందినవి పట్టుకుని పరుగెత్తారు. మర్నాడు కూల్చేశారు. ఆ రాత్రి నుంచి పక్కన జేసీబీ చప్పుడు వినిపిస్తే మా అమ్మ బయటికొచ్చి గోడలు చూస్తుంది.

సత్తిబాబు_సైకిల్
అయ్యప్ప సొసైటీలో 2025 జనవరిలో హైడ్రా (ఆక్రమణలు, అక్రమ కట్టడాలు కూల్చే ప్రభుత్వ సంస్థ) ఒక పెద్ద బిల్డింగు కూల్చింది కదా. మూడో ఫేజు గారు సోమవారం వాళ్ళు అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్ళి చూడొచ్చు.

పీజీ_పక్షి
కూల్చిన రోజు అందులో ఉండేవాళ్ళం ఎక్కడికి పోవాలో కూడా ఆ అర్జీలో ఒక లైను రాయండి. అడ్వాన్సు కూడా తిరిగివ్వరు మాకు.

మూడో_ఫేజు
కూల్చమని నేననలేదు. పైన రెండంతస్తులు ఖాళీ చేయించి, సెల్లార్ పార్కింగుకి ఇప్పిస్తే చాలు. ఆర్టీఐ ఈరోజే వేశాను. ర్యాంపు ఒక అడుగు కొట్టించేస్తున్నాను, ఇక దాని ఊసెత్తకండి.

బోరబండ_బాబాయ్
హాస్టల్ అమ్మా, ఒక మాట. 240 గజాల బిల్డింగు, జీ ప్లస్ టూ, కార్నరు. లీజుకైతే మీ వైపు ఎంత నడుస్తోంది? మా బామ్మర్ది అడగమన్నాడు.

సత్తిబాబు_సైకిల్
బామ్మర్దా? 😂😂

హాస్టల్_అక్క
బాత్రూములు ఎన్ని బాబాయ్ గారూ?