హ్యూస్టన్‌కు వస్తున్నాం, బాబు థర్డ్ గ్రేడ్: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

అనూష (హనుమకొండ):
అందరికీ నమస్తే. మా ఆయన జనవరి నుంచి హ్యూస్టన్‌లో ఉన్నారు. నేను, బాబు జులైలో వస్తున్నాం. వాడి రెండో తరగతి పరీక్షలు ఇప్పుడే అయిపోయాయి. ఇక్కడ నయీంనగర్‌లో ఒక టెక్నో స్కూల్లో చదివాడు. జూన్‌లోనే ఏడాదికి సరిపడా పుస్తకాల సెట్టు కొనిపిస్తారు, ఏ రోజు ఏ పేజీ చెప్పాలో పైనుంచి వస్తుంది. బాబుకు అర్థం కాలేదంటే "సిలబస్ వెనకబడుతుంది మేడమ్" అంటుంది టీచర్. అక్కడ గవర్నమెంట్ బడే కదా, ఈ బాధ తప్పుతుందని ధైర్యంగా ఉన్నాను. అపార్ట్‌మెంట్ ఏ ఏరియాలో చూసుకోవాలో చెప్పండి.

కిరణ్ (కాజీపేట, ఇప్పుడు డాలస్):
వెల్కమ్ అండి. బళ్లకు పదికి ఇన్ని అని రేటింగ్ ఇచ్చే గ్రేట్‌స్కూల్స్ వెబ్‌సైట్‌లో 8 పైన ఉన్న స్కూలు చూసుకుని దాని జోన్‌లో తీసుకోండి. మనవాళ్లంతా అదే చేస్తారు. టెన్షన్ పడాల్సిందేం లేదు.

శ్రీలత (నర్సంపేట, ఇప్పుడు హ్యూస్టన్ పక్కన కేటీ):
అనూషా, కిరణ్ తమ్ముడు చెప్పిన రేటింగ్ చాలావరకు పరీక్ష మార్కుల మీద కట్టింది. క్లాసులో ఏం జరుగుతుందో అందులో కనపడదు. నువ్వు ఏది తప్పుతుందని అనుకుంటున్నావో, అదే ఇక్కడ కొన్ని గవర్నమెంట్ బళ్లలో ఇంకా పద్ధతిగా నడుస్తుంది. నేను నర్సంపేట దగ్గర సర్కారు బడిలో చెప్పి వచ్చినదాన్ని, ఇక్కడ సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా పోతుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ఒక ఏరియాలోని గవర్నమెంట్ బళ్లను నడిపే సంస్థను ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటారు. అది ఒక కంపెనీ దగ్గర పాఠాల ప్యాకేజీ కొంటుంది. టీచర్ గైడు, వర్క్‌బుక్కులు, స్లైడ్లు, ఆన్‌లైన్ పరీక్షలు, టీచర్లకు ట్రైనింగ్ అన్నీ అందులోనే. వర్క్‌బుక్కులో ఒకసారి రాస్తే అయిపోయింది, వచ్చే ఏడాది పిల్లలకు మళ్లీ కొనాల్సిందే. గైడులో టీచర్ ఏమనాలో లావు అక్షరాల్లో ఉంటుంది, పిల్లలు ఏ జవాబు చెప్పాలో దాని కింద ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నారా లేదా అని చూడటానికి కోచ్ అని ఒకరు వస్తారు.

ఒక బళ్లో థర్డ్ గ్రేడ్ లెక్కల క్లాసులో సాయానికి కూర్చున్నా. 1/4 పెద్దదా, 1/8 పెద్దదా? ఒక పాప లేచి, నాలుగు కంటే ఎనిమిది ఎక్కువ కదా, 1/8 పెద్దది అన్నది. సగం క్లాసు తలూపింది. పాఠం చెప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. మా బళ్లో అయితే డబ్బాలో సర్వపిండి తీసి తుంచి చూపించేదాన్ని: నలుగురికి పంచితే నీకెంత, ఎనిమిది మందికి పంచితే నీకెంత. ఆ టీచర్‌కు ఇది తెలియక కాదు. స్క్రీన్ మూలన టైమర్ తిరుగుతోంది, వెనకాల కోచ్ చెక్‌లిస్టు పట్టుకుని నిలబడింది. "గుడ్ ట్రై" అని తర్వాతి స్లైడ్‌కు పోయింది. చివర్లో పెట్టిన క్విజ్‌లో ఆ పాప మళ్లీ అదే తప్పు చేసింది. మర్నాటికి ఇంకో వర్క్‌షీట్ చేతికొచ్చింది.

మీరు వచ్చేది హ్యూస్టన్‌కు కాబట్టి అక్కడి సంగతి విడిగా తెలుసుకో. 2023 జూన్‌లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్ ఐఎస్‌డీని (అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ అన్నమాట) తన చేతుల్లోకి తీసుకుని మైక్ మైల్స్‌ను సూపరింటెండెంట్‌గా పెట్టింది. ఆయన తెచ్చిన ఎన్ఈఎస్ (న్యూ ఎడ్యుకేషన్ సిస్టమ్) పద్ధతి మొదటి ఏడాది 85 బళ్లలో, రెండో ఏడాది 130 బళ్లలో నడిచింది. స్లైడ్లు పైనుంచే తయారై వస్తాయి, టైమర్ పెట్టి చెప్పాలి, ఆఖరున చిన్న పరీక్ష. ఆ బళ్లలో చాలాచోట్ల లైబ్రరీని తీసేసి టీమ్ సెంటర్ అని పెట్టారు. అల్లరి చేసినవాళ్లూ, పని త్వరగా ముగించినవాళ్లూ అక్కడికే. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో మార్కులు పెరిగాయి, కాదనను. చాలామంది టీచర్లు వదిలేసి పోయిన మాటా నిజమే. లైబ్రరీ మూసిన బడికి ఎన్ని మార్కులొస్తేనేం, నేనైతే నా పిల్లను పంపను. మంచి మార్కులున్న బళ్ల జోలికి మైల్స్ పెద్దగా పోలేదు. ఈ పద్ధతులు ఎప్పుడూ ముందు పేదవాళ్ల బళ్లకే వస్తాయి, అది ఇంకో బాధ.

మహేశ్ (కరీంనగర్, ఇప్పుడు షుగర్‌ల్యాండ్):
అక్కా, ఒకవైపే చెప్తున్నారు. మా పాపకు ఫస్ట్ గ్రేడ్‌లో వచ్చిన టీచర్ అప్పుడే కాలేజీ అయిపోయి వచ్చిన అమ్మాయి. ఆ గైడు లేకపోతే ఏం చెప్పేదో! వరస ప్రకారం ఫోనిక్స్ (ఏ అక్షరానికి ఏ శబ్దం అనేది) చెప్పింది, క్రిస్మస్‌కల్లా పాప చదవడం మొదలుపెట్టింది. 1960ల్లో ఎంగెల్‌మన్ మొదలుపెట్టిన డైరెక్ట్ ఇన్‌స్ట్రక్షన్ కూడా మాటకు మాట రాసిచ్చిన పాఠమే. ప్రాజెక్ట్ ఫాలో త్రూ అని రకరకాల బోధనా పద్ధతుల్ని పెద్ద ఎత్తున పోల్చి చూసినప్పుడు మిగతావాటికన్నా అదే ముందుంది కదా.

శ్రీలత:
ఒప్పుకుంటా మహేశ్. గుణింతాన్ని ఎవరూ తోచినట్టు చెప్పరు, దానికో వరస ఉండాలి. కథకు, లెక్కకు, సైన్సుకు కూడా అదే తగిలించడం దగ్గరే నా పేచీ. నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం 2002లో వచ్చాక చిన్న పిల్లలకు చదవడం నేర్పడానికి రీడింగ్ ఫస్ట్ అనే పథకం కింద ఏడాదికి దాదాపు 100 కోట్ల డాలర్లు పోశారు. ఫలానా ప్యాకేజీల వైపు రాష్ట్రాలను నెట్టారని విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టే 2006లో తప్పుపట్టింది. 2008లో ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో ఫస్ట్ గ్రేడ్ పిల్లలు పదాలు కూడబలుక్కోవడం మెరుగైంది గానీ, చదివింది అర్థం చేసుకోవడంలో తేడా కనపడలేదు. కొత్త అమ్మాయికి గైడు ఆసరానే. అయిదేళ్ల తర్వాత కూడా అదే చదివిస్తుంటే ఆమెకు సొంతంగా చెప్పడం ఎప్పుడొస్తుంది?

అనూష:
అక్కా, కొంచెం భయం వేస్తోంది. మావాడికి 15 దాకా ఎక్కాలు నోటికి వచ్చు. ఇంగ్లిష్ మాట్లాడటం మాత్రం అంతంతే. బడికి పోయి ఏం అడగాలి? అడిగితే ఏమైనా అనుకుంటారా?

శ్రీలత:
అలాంటి పిల్లలకు రెండువైపులా ఇబ్బందే. లెక్క జవాబు నోట్లో ఉన్నా వాళ్లు చెప్పినట్టు బొమ్మ గీసి చూపించాలి. రీడింగ్‌లో అర్థమయ్యేలోపు స్లైడు మారిపోతుంది. చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఫారం ఇస్తారు, ఇంట్లో తెలుగే అని ఉన్నదే రాయి. ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే క్లాసు) వేస్తారని మనవాళ్లు కొందరు ఇంగ్లిష్ అని రాస్తుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు, ఆగి చెప్పే మనిషి దొరికేది అక్కడే.

అడగడానికి మొహమాటం వద్దు. పాఠ్యపుస్తకాలు, సామగ్రి చూసే హక్కు తల్లిదండ్రులకు టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ 26వ అధ్యాయంలోనే ఉంది. ప్యాకేజీ పేరు ఏదైనా కానీ, ఇది అడుగు: సగం క్లాసుకు అర్థం కాకపోతే టీచర్ మర్నాడు అదే పాఠం మళ్లీ చెప్పొచ్చా? జవాబు చెప్పేముందు ఆమె ప్రిన్సిపల్ మొహం చూసిందంటే నీకు సంగతి తెలిసిపోతుంది. థర్డ్ గ్రేడ్‌లో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివించే పుస్తకాలేంటో కూడా అడుగు. చాలా ప్యాకేజీల్లో పేజీన్నర ముక్క, నాలుగు ప్రశ్నలు, అంతే. లైబ్రరీ చూపించమను.

కిరణ్:
అక్కా, బ్లూబానెట్ సంగతేంటి? మా దగ్గర అంతా దాని గొడవే.

శ్రీలత:
అదీ పాఠాల ప్యాకేజీయే, కాకపోతే రాష్ట్రమే తయారు చేయించింది. 2024 నవంబరులో రాష్ట్ర విద్యా బోర్డు 8–7 ఓట్లతో ఒప్పుకుంది. డిస్ట్రిక్టులకు తప్పనిసరి కాదు, తీసుకుంటే మాత్రం ఒక్కో పిల్లవాడికి 60 డాలర్ల దాకా ఇస్తారు. రీడింగ్ పాఠాల్లో బైబిలు కథలున్నాయని పేపర్ల నిండా అదే చర్చ. నాకు ఆ 60 డాలర్ల మీదే ఎక్కువ కోపం. డబ్బుకు ఇబ్బంది పడే డిస్ట్రిక్ట్ వద్దంటుందా?

ఇక ఇల్లు అనూషా. అడ్రసులో హ్యూస్టన్ అని ఉంటే హ్యూస్టన్ ఐఎస్‌డీ అనుకోవద్దు. కేటీ, సై-ఫేర్, అలీఫ్, స్ప్రింగ్ బ్రాంచ్ డిస్ట్రిక్టుల్లోని ఇళ్లకూ హ్యూస్టన్ అడ్రసు ఉంటుంది. లీజింగ్ ఆఫీసు వాళ్ల మాట పట్టుకోకుండా, అడ్రసు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో కొట్టి ఏ బడి వస్తుందో చూడమను మీ ఆయన్ని. జూన్ మొదటికల్లా బళ్లు మూసేస్తారు, నువ్వొచ్చేసరికి క్లాసులు చూద్దామన్నా ఉండవు. ఈ నెలలోనే ఒక పూట సెలవు పెట్టి రెండు మూడు బళ్లు ఆయన్నే చూసి రమ్మను.