ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత విదేశాల్లో సోషల్ వర్క్ చదవాలని ఉంది, ఏ కోర్సు తీసుకోవాలి?

మెట్‌పల్లి పిల్ల:

అందరికీ నమస్తే. నేను కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఫైనల్ ఇయర్. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. బాపు మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తడు, అమ్మ బీడీలు చుడుతది. నేను హన్మకొండలో హాస్టల్లో ఉంటాను. పోయిన ఏడాది ఫీల్డ్ వర్క్ అంగన్‌వాడీలు, మహిళా సంఘాలతో చేశాను. ఇప్పుడు హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి సెంటర్‌లో చేస్తున్నాను.

ఇంటర్నేషనల్ సోషల్ వర్క్, సోషల్ వెల్ఫేర్, సోషల్ పాలసీ అని రకరకాల పేర్లతో కోర్సులు కనిపిస్తున్నాయి. కన్సల్టెన్సీలో అడిగితే "ఏదైనా ఒకటే, ముందు వీసా రానియ్యి, అక్కడికి పోయినంక చూసుకోవచ్చు" అన్నారు. ఫీజు విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మా మామయ్య అయితే "సమాజ సేవ నేర్చుకోవడానికి ఫారిన్ ఎందుకు, నర్సింగ్ చేసినా ఉద్యోగం వచ్చేది" అంటున్నాడు.

ఈ కోర్సులు చదివితే అక్కడ సోషల్ వర్కర్‌గా ఉద్యోగం చేయొచ్చా? తిరిగి వస్తే ఇక్కడ ఏమైనా పనికొస్తుందా? చదివినవాళ్ళు ఉంటే చెప్పండి.

లీడ్స్‌లో హన్మకొండ:

చెల్లే, నేను పుట్టి పెరిగింది నయీంనగర్‌లో. నేనూ కేయూలోనే ఎంఎస్‌డబ్ల్యూ చేశాను. ఇప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం)లో, పిల్లల రక్షణ చూసే టీమ్‌లో సోషల్ వర్కర్‌గా ఉన్నాను.

"ఏదైనా ఒకటే" అన్న మాట అస్సలు నమ్మకు. ఈ కోర్సులు రెండు రకాలు. కోర్సు పేరు చూస్తే ఏది ఏ రకమో తెలియదు. మొదటి రకం చదివితే ఆ దేశంలో సోషల్ వర్కర్‌గా రిజిస్టర్ కావచ్చు. రెండో రకంలో వేర్వేరు దేశాల సంక్షేమ వ్యవస్థలను పోల్చి చదువుతారు. థీసిస్ రాస్తారు, డిగ్రీ వస్తుంది, రిజిస్ట్రేషన్ మాత్రం రాదు.

ఇంగ్లండ్‌లో 2005 నుంచి రిజిస్టర్ కానివాళ్ళు తమను సోషల్ వర్కర్ అని చెప్పుకోవడం చట్టం ఒప్పుకోదు. 2019 డిసెంబర్ నుంచి ఆ రిజిస్టర్‌ను సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే సంస్థ చూస్తోంది. వాళ్ళు ఆమోదించిన కోర్సులో 200 రోజుల ప్రాక్టికల్ శిక్షణ ఉంటుంది. అందులో 170 రోజులు ప్లేస్‌మెంట్, 30 రోజులు నైపుణ్యాల శిక్షణ. అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ సీఎస్‌డబ్ల్యూఈ. దాని గుర్తింపు ఉన్న ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ ఉంటుంది, ఆ తర్వాత రాష్ట్రాన్ని బట్టి లైసెన్సు. ఆస్ట్రేలియాలో అక్కడి సోషల్ వర్కర్ల సంఘం గుర్తించిన కోర్సుల్లో వెయ్యి గంటలు. జర్మనీలో అయితే జర్మన్ భాష రావాలి, ప్రభుత్వ గుర్తింపు కూడా ఉండాలి. మన దేశంలో సోషల్ వర్కర్లందరూ ఇలా రిజిస్టర్ కావాలన్న పద్ధతి లేదు కాబట్టి, "ఈ కోర్సు చేస్తే రిజిస్ట్రేషన్ వస్తుందా" అని అడగాలన్న ఆలోచనే మనకు రాదు. నువ్వు యూనివర్సిటీకి పంపే మొదటి మెయిల్‌లోనే ఆ ఒక్క ప్రశ్న అడుగు.

ఇంకో దారి కూడా ఉంది. నీ కేయూ డిగ్రీతోనే ఇంగ్లండ్‌లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. విదేశీ డిగ్రీలను వాళ్ళు తమ ప్రమాణాలతో పోల్చి చూస్తారు. అప్పుడు నీ సిలబస్, ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలు చేశావు, ఎవరి పర్యవేక్షణలో ఏం చేశావు, అన్నింటికీ కాగితాలు కావాలి. ఇవన్నీ డిపార్ట్‌మెంట్‌లో ఉండగానే సంతకాలు, స్టాంపులతో తీసిపెట్టుకో. తర్వాత సూపర్‌వైజర్ రిటైరవుతారు, సిలబస్ మారుతుంది, నువ్వు ఇంకో దేశంలో ఉంటావు. నీ ఫీల్డ్ వర్క్ డైరీలు మాత్రం హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లోడికి వేయకు.

సుబేదారి సీనియర్:

డబ్బు సంగతి నేను చెప్తా. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యా నిధి, మైనారిటీలకు వేరే పథకం ఉన్నాయి. 20 లక్షల వరకు ఇస్తారు. మన రాష్ట్ర స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు. సోషల్ సైన్సెస్ కూడా వస్తాయి, ఇంజనీరింగ్ వాళ్ళకే అనుకోవద్దు. ఆదాయ పరిమితి, మార్కులు, ఏయే దేశాలకు ఇస్తారన్నది నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే యూనివర్సిటీని ఎంచుకోండి.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ గురించి చాలామంది అడుగుతారు. దానికి 2,800 గంటల ఉద్యోగ అనుభవం ఉండాలి. అది ఏడాది మాస్టర్స్‌కు ఇచ్చేది, చదువైపోయాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. పైన అక్క చెప్పిన మొదటి రకం కోర్సు మామూలుగా రెండేళ్ళు. అంటే చీవ్‌నింగ్ రెండో రకానికి సరిపోతుంది, అక్కడే ఉండి పని చేద్దామనుకునేవాళ్ళకు కాదు. నార్వేలో చదువు ఉచితం అని యూట్యూబ్‌లో ఇంకా చెప్తున్నారు. 2023 నుంచి ఐరోపా బయటి విద్యార్థుల దగ్గర అక్కడ కూడా ఫీజు తీసుకుంటున్నారు.

జగిత్యాల అన్న:

చెల్లే, నీకు ఒక మాట. నేను ఇక్కడ గల్ఫ్ కుటుంబాలతో పని చేస్తాను. అక్కడ చనిపోయినవాళ్ళ శవాలు రప్పించడం, జైల్లో ఉన్నవాళ్ళ కాగితాలు, జీతం ఎగ్గొట్టిన కంపెనీల మీద ఫిర్యాదులు, మా పనంతా ఇదే. అంతర్జాతీయ సోషల్ వర్క్ అంటే లండన్, మెల్‌బోర్న్ అనే అనుకుంటారు. కోరుట్ల బస్టాండులో నిలబడితే గల్ఫ్‌కు పోయేటోళ్ళే కనిపిస్తరు, అది ఏంది మరి?

పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటోళ్ళకు 10 లక్షలు వస్తాయి. ఏజెంటు విజిట్ వీసా మీద పంపితే ఇవేవీ ఉండవు. శవపెట్టె ఇంటికి వచ్చినంక ఆ తల్లికి నేను ఈ సంగతి చెప్పాల్సి వస్తుంది. మా దగ్గర ఈ పనికి చదువుకున్న సోషల్ వర్కర్లు చాలా తక్కువ. నువ్వు ఎక్కడ చదివినా సరే, ఈ పని తెలిసిన పిల్లవు కాబట్టి చెప్తున్నా.

మెట్‌పల్లి పిల్ల:

అన్నా, మీరు రాసింది చదివి వెంటనే బాపుకు ఫోన్ చేసి బీమా గురించి అడిగాను. రెన్యూవల్ సంగతే ఆయనకు తెలియదు.

అక్కా, ఇంకో ప్రశ్న. అక్కడ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకెళ్తారని వింటాం. మన పద్ధతులు తెలిసిన మనం ఆ పని ఎట్లా చేస్తాం?

లీడ్స్‌లో హన్మకొండ:

అన్న చెప్పిన దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నీ అప్లికేషన్ వ్యాసంలో "సేవ చేయాలని చిన్నప్పటి నుంచి కోరిక" అని రాయకు. మీ ఇంటి గురించి రాయి. అమ్మకు పీఎఫ్ ఉంటే, అది కార్మికుడూ యజమానీ కలిసి కట్టే పద్ధతి. జర్మనీలో బిస్మార్క్ 1883లో మొదలుపెట్టిన ఆరోగ్య బీమా కూడా ఇలా ఇద్దరి వాటాతో నడిచిందే. బీడీ కార్మికులకు మన రాష్ట్రం ఇచ్చే పెన్షన్ పన్నుల డబ్బుతో నడుస్తుంది. కేంద్రంలో 1976 చట్టం కింద బీడీల మీద సెస్ వేసి ఆ డబ్బుతో సంక్షేమ నిధి పెట్టారు, జీఎస్టీ వచ్చిన 2017లో ఆ సెస్ తీసేశారు. బాపు ఒమన్‌లో ఏళ్ళ తరబడి పని చేసినా ఆ దేశ పౌరుడు కాడు. ఒకే ఇంట్లో ఇన్ని వ్యవస్థలు చూసిన విద్యార్థి వాళ్ళ క్లాసులో ఇంకొకరు ఉండరు.

ఇక నీ ప్రశ్న. 2011లో నార్వేలోని స్టావంగర్‌లో ఒక భారతీయ జంట దగ్గర నుంచి ఇద్దరు చిన్నపిల్లల్ని అక్కడి శిశు సంరక్షణ శాఖ తీసుకెళ్ళింది. చేత్తో తినిపించడం, పిల్లాడిని తమ దగ్గరే పడుకోబెట్టుకోవడం కూడా తప్పుగా చూశారని తల్లిదండ్రులు అన్నారు. శాఖ మాత్రం గోప్యత నియమం వల్ల కారణాలు బయటపెట్టలేదు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాక 2012లో పిల్లల్ని బాబాయికి అప్పగించి ఇండియా పంపారు. ఏది నిజమో బయటివాళ్ళం తేల్చలేం. కానీ ఆ ఇంటికి వెళ్ళే మనిషికి రెండు వైపులా తెలిసి ఉండటం ఎంత అవసరమో నాకు రోజూ కనిపిస్తుంది.

రిపోర్టులో "పిల్లాడికి సొంత మంచం లేదు" అని రాసి ఉంటుంది. నేను వెళ్ళి, రాత్రి భయమేస్తే ఎవరి దగ్గరికి పోతావని ఆ పిల్లాడిని అడుగుతాను. "అమ్మమ్మ దగ్గరికి" అని వెంటనే చెప్తే, అది కూడా రిపోర్టులో రాస్తాను. అదే ఇంట్లో బెల్టు దెబ్బలు కనిపించి, "మా దగ్గర ఇది మామూలే" అంటే నేను ఒప్పుకోను. మన దగ్గర కూడా అది మామూలు కాకూడదు. 2014లో మెల్‌బోర్న్‌లో ఆమోదించిన సోషల్ వర్క్ ప్రపంచ నిర్వచనంలో మానవ హక్కులూ ఉన్నాయి, ఆయా ప్రాంతాల సొంత జ్ఞానమూ ఉంది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎదురుపడ్డప్పుడే మన పని కష్టమవుతుంది.

నువ్వు అప్పు చేసి వెంటనే రావాలని నేను చెప్పను. రెండేళ్ళు అన్న చేసే పనిలాంటిదో, బాలల సంరక్షణ విభాగంలోనో పని చెయ్యి. ఆ అనుభవం రిజిస్ట్రేషన్‌కూ పనికొస్తుంది, స్కాలర్‌షిప్‌కూ పనికొస్తుంది. ఈలోపు డిపార్ట్‌మెంట్‌లో సిలబస్ కాపీ అడుగు. ఫీల్డ్ వర్క్ గంటల సర్టిఫికెట్ ఎట్లా ఉండాలో నమూనా నాకు మెసేజ్ పెడితే పంపుతాను.

జగిత్యాల అన్న:

మా దగ్గర పని చేయాలనుకుంటే పరీక్షలు అయిపోయాక వచ్చి కలువు చెల్లే. బాపు పాత పాలసీ నంబరు, పాస్‌పోర్టు కాపీ ఉంటే రెన్యూవల్ ఎట్లా చేయాలో కూడా చూద్దాం.